పగలు మెకానిక్ షెడ్డు, రాత్రి టాకో కొట్టు

డల్లాస్ నుంచి మెక్సికో సిటీకి వెళ్లి నాలుగు రోజులున్నాం. పిరమిడ్లు, మ్యూజియం అన్నీ బాగానే చూశాం. నేను చెప్పాలనుకున్నది రెండు రాత్రుల భోజనం సంగతే.

మొదటి రాత్రి ఓపిక లేక, హోటల్ పక్కనే ఇంగ్లీషు మెనూ పెట్టిన రెస్టారెంట్లో దూరాం. ఆరు టాకోలు (టోర్టియా అనే పల్చటి రొట్టెలో మాంసం పెట్టి మడిచేవి), మూడు కూల్‌డ్రింకులు 750 పెసోలు. అడక్కుండానే 15 శాతం ‘ప్రొపీనా’ కలిపి 862 చేశారు. ప్రొపీనా అంటే టిప్పు. అక్కడి చట్టం ప్రకారం అది మన ఇష్టం, బలవంతంగా వసూలు చేయకూడదు. ఈ ముక్క నాకు మర్నాడు తెలిసింది! పోనీ తిండైనా బాగుందా అంటే, చల్లారిన టోర్టియా మడత పెట్టగానే విరిగింది. “మన వీధి చివరి టాకో ట్రక్కే నయం బావా” అని బావమరిది రెండు రోజులు దెప్పాడు.

మూడో రాత్రి నార్వార్తే పేటలో ఎల్ విల్సితోకి వెళ్లాం. పగలు కార్లు బాగుచేసే షెడ్డు, రాత్రి టాకోలు. గుమ్మం దగ్గరే ఎర్రటి మాంసపు స్తంభం తిరుగుతోంది. దాన్ని ‘ట్రోంపో’ అంటారు, అంటే బొంగరం. ఆకారమూ అదే. చూడగానే షవర్మా గుర్తొస్తుంది. ఎందుకంటే దీని మూలం అదే. అరబ్బు దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చిన పద్ధతి ప్యూబ్లా నగరంలో ‘అరబ్బు టాకో’ అయింది. మెక్సికో సిటీకి వచ్చేసరికి పంది మాంసం, ఎండుమిరప, అచియోతే గింజల ఎర్ర ముద్ద చేరి ‘అల్ పాస్టోర్’ అయింది. పేరుకు గొర్రెల కాపరి, లోపల గొర్రె లేదు.

కత్తి పట్టినతను ఎడమచేతిలో టోర్టియా పెట్టుకుని, కాలిన అంచుల్నే పల్చగా చెక్కాడు. తర్వాత పైనున్న అనాసపండును కత్తి మొనతో ఒక్కటి తట్టాడు. ముక్క గాల్లో ఎగిరి టాకోలోనే పడింది. ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం మనమే వేసుకోవాలి. ఆకుపచ్చ సాల్సా (కారం పచ్చడి) జాగ్రత్త, మన నోరు కూడా ఓర్చుకోదు.

టోర్టియా మెత్తగా ఉండటానికి కారణం సున్నం. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. అందుకే పిండి బాగా అతుక్కుంటుంది, మన మక్క రొట్టెలా అంచులు పగలవు.

మా ఆవిడ శాకాహారి. ఈ ఊళ్లో కేసదియాలో (మడిచి పెనం మీద కాల్చే టోర్టియా) చీజ్ ఉండి తీరాలని లేదు, ‘కోన్ కేసో’, అంటే చీజ్‌తో అని అడగాలి. అడిగాం, వచ్చింది. కానీ మాంసం వేడి చేసిన పెనం మీదే కాల్చడం చూసి మొహం మాడ్చుకుంది. పట్టింపు ఉన్నవాళ్లు ముందే తిని వెళ్లండి.

28 పెసోల చొప్పున పదమూడు టాకోలు, 60కి ఒక కేసదియా, 90కి మూడు డ్రింకులు కలిపి 514. బిల్లులో ప్రొపీనా లేదు. బావమరిదే జేబులోంచి 80 తీసి పెట్టాడు.