రొయ్యల గుంటల లెక్కలకు వాయిస్ టైపింగ్ యాప్: అరవై అంటే ఇరవై రాస్తోంది

ఇందుకూరుపేట వైపు మా రొయ్యల గుంటల లెక్కలన్నీ ఈమధ్య ఒక వాయిస్ టైపింగ్ యాప్‌లోనే రాస్తున్నాం. మేత ఎన్ని కిలోలు వేశాం, ఏ గుంటలో కౌంటు ఎంత వచ్చింది, ఏ మందు చల్లాం, నోటితో చెబితే చాలు, తెలుగులో టైపైపోతుంది. ఒత్తులూ దీర్ఘాలూ వెతుక్కుంటూ కూర్చోలేని మా నాన్న లాంటి రైతులకు ఇది నిజంగా మేలు. అయినా అయిదుకి మూడే ఇస్తున్నాను, తప్పు విన్నప్పుడు ఇది నడుచుకునే తీరు నాకు అస్సలు నచ్చలేదు.

గుంట నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుండగా "అరవై కౌంటు" అంటే "ఇరవై కౌంటు" అని పడుతుంది. కౌంటంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ ఎక్కువే, కాబట్టి ఒక్క అక్షరం తేడాతో పంట అంచనా మొత్తం తారుమారు. మైపాడు అనే ఊరి పేరు విరిగి "మై పాడు" అని పడితే ఎవరైనా పట్టేస్తారు, అంకె మారితే మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ విన్న శబ్దానికి సరిపోయే మాటలు కొన్ని తీసుకుని, ఒక్కోదానికి ఎంత అవకాశముందో లెక్కగట్టి, అన్నిటికంటే ఎక్కువ వచ్చినదాన్ని రాస్తుంది. అంటే అరవయ్యా ఇరవయ్యా అన్న సందేహం చాలాసార్లు దాని దగ్గర ఉంటుంది, మనకు చెప్పదు అంతే! ఆ మాట కింద ఒక గీత గీసి, నొక్కితే రెండో మాట చూపిస్తే ఎంత బాగుండేది. ఇందులో వాక్యం దాటగానే ఆ రెండో మాట పోతుంది, రికార్డింగ్ కూడా దాచదు కాబట్టి రాత్రి ఇంటికొచ్చి మళ్ళీ విని సరిచూసుకునే దారే లేదు. కస్టమర్ కేర్‌కి చెబితే స్పష్టంగా మాట్లాడమన్నారు. మోటార్ల హోరులో గట్టు మీద నిలబడి ఇంకెంత స్పష్టంగా మాట్లాడాలి? మా నెల్లూరు యాస మానుకోవాలా?

వాడేవాళ్ళు అంకెల్ని "ఆరు సున్నా" అని విడివిడిగా చెప్పండి, బాగా పట్టుకుంటుంది. ఇంగ్లీషులో చెబితే సిక్స్‌టీ, సిక్స్‌టీన్ గొడవ మళ్ళీ ఉంది. గాలికి వీపు తిప్పి, ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకోండి. మందుల పేర్లు, ఊళ్ళ పేర్లు డిక్షనరీలో చేర్చుకునే సెట్టింగ్ మాత్రం చాలా బాగుంది, చేర్చాక మైపాడు సరిగ్గానే పడుతోంది. డబ్బు కట్టే ప్లాన్‌లో ఎక్కువసేపు మాట్లాడొచ్చు తప్ప ఈ దిద్దుకునే వీలు అందులోనూ లేదు, కాబట్టి ప్రస్తుతానికి ఉచితంగా వచ్చేదే చాలు.