ఒంగోలులో నాయనమ్మ పటం కట్టించిన స్టూడియో

91 ఏళ్లు నిండి కాలం చేసిన మా నాయనమ్మ పెద్దకర్మకు పటం కట్టించడానికి, ఉన్న ఒకే ఒక్క పాత ఫొటోను ఒంగోలులోని ఒక స్టూడియోకు ఇచ్చాము. 1970లో, ప్రకాశం జిల్లా ఏర్పడిన ఏడాదే, తాతయ్యను పోగొట్టుకొని, వర్జీనియా పొగాకును వేడితో ఆరబెట్టే గదులైన బ్యారన్ల దగ్గర పచ్చాకును కర్రలకు కట్టే కూలితోనే నలుగురు బిడ్డలను ఒడ్డుకు చేర్చిన మనిషి ఆమె. ఆకు జిగురు పట్టి నల్లబడిన ఆ వేళ్లను చింతపండుతో ఎంత రుద్దుకున్నా రంగు పూర్తిగా వదిలేది కాదు.

స్టూడియోవారు మొదటిసారి ముఖంలోని ముడతలతోపాటు ఆ నలుపును కూడా తుడిచేసి, ఎవరో జమీందారిణిని మా చేతికిచ్చారు. (మా మేనత్త చూసి, “ఈమె ఎవర్రా?” అన్నది.) విషయం వివరించగానే విసుక్కోకుండా, అదనంగా రూపాయి అడగకుండా, రెండు రోజుల్లో ముడతలనూ, ముక్కుపుడకనూ, వేళ్ల నలుపునూ యథాతథంగా తెచ్చి ఇచ్చారు. ముద్రణ నాణ్యంగా ఉన్నది. చట్రం మూలల్లో అతుకు మాత్రం సరిగా కుదరలేదు. 1,800 రూపాయలకు ఇంకాస్త గట్టి చెక్క వేయవలసింది. తాతయ్య పటం కూడా వారికే ఇచ్చాము.