రెండున్నరేళ్ళుగా సూరిబాబుగా బతుకుతున్నాను: జీటీఏ ఫైవ్ గేములో ఒక తెలుగు-ఇంగ్లిష్ ఆర్పీ (రోల్‌ప్లే) సర్వర్ అనుభవం

సర్వర్ పేరు చెప్పను. తిట్టేవి కొన్ని ఉన్నాయి, పైగా ఇంకా అక్కడే ఆడుతున్నాను. కొత్తగా ఇలాంటి చోట చేరదామనుకునేవాళ్ళకి పేరుతో పెద్ద పని కూడా లేదు, రెండు భాషల్లో నడిచే సర్వర్లన్నిట్లో కొత్తవాళ్ళు జారిపడే చోట్లు దాదాపు ఒకటే.

2020 మేలో ఎపిక్ గేమ్స్ స్టోర్ జీటీఏ ఫైవ్‌ని వారం రోజులు ఫ్రీగా ఇచ్చింది గుర్తుందా? మొదటి రోజే సైటు పడిపోతే అర్ధరాత్రి దాటేదాకా రిఫ్రెష్ కొట్టి కొట్టి తెచ్చుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. కథంతా ఆడేశాక అది వంద జీబీకి పైగా జాగా తింటూ అలా పడుంది. 2023 చివర్లో మా బాబాయి కొడుకు ఇంటికొచ్చి, అదే గేములో ఎవరో ఇద్దరు రోడ్డు పక్కన బండి ఆపుకుని అచ్చ తెలుగులో అప్పు గురించి గొడవ పడుతుంటే చూపించాడు. మిషన్ లేదు, స్కోరు లేదు. ఒకడు "రేపు ఇస్తా అన్నా" అంటున్నాడు, రెండోవాడు "నీ రేపు ఎన్నోసారి రా" అంటున్నాడు. ఇరవై నిమిషాలు నోరు తెరుచుకుని చూశాను.

తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. ఆ గేములోని లాస్ శాంటోస్ అనే ఊళ్ళోనే, ఫైవ్ఎమ్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఎవరికి వాళ్ళు సొంత సర్వర్ పెట్టుకుని, టాక్సీ డ్రైవరో పోలీసో డాక్టరో దొంగో అయిపోయి, మైకులో ఆ మనిషిలాగే మాట్లాడుతూ బతకడమే రోల్‌ప్లే. ఫైవ్ఎమ్ చేసినవాళ్ళ అకౌంట్లని 2015లో సస్పెండ్ చేసిన రాక్‌స్టార్ కంపెనీయే 2023 ఆగస్టులో ఆ టీముని తనలో కలిపేసుకుంది. గేమ్ ఒరిజినల్ కాపీ ఉంటే చాలు, ఫైవ్ఎమ్‌కి డబ్బులు కట్టక్కర్లేదు.

చేరడం మాత్రం పెళ్ళిచూపులంత పని. డిస్కార్డ్‌లో (సర్వర్ వాళ్ళంతా కలిసే చాట్ యాప్) ఫారం ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఆర్‌డీఎం అంటే ఏంటి (కారణం లేకుండా కాల్చేయడం), మెటాగేమింగ్ అంటే ఏంటి (డిస్కార్డ్‌లోనో స్ట్రీమ్‌లోనో విన్న సంగతి క్యారెక్టర్‌కి తెలిసినట్టు వాడేయడం), చచ్చి బతికాక పాత గొడవ ఎందుకు మర్చిపోవాలి, ఇలాంటివన్నీ అడుగుతారు. అవి చదివి రాసేయొచ్చు. చివర్లో మీ క్యారెక్టర్ కథ రాయమంటారు చూడండి, నేను బోల్తా పడింది అక్కడే. చిన్నప్పుడే అమ్మానాన్నల్ని ఎవరో చంపేశారు, పగ తీర్చుకోడానికి ఈ ఊరొచ్చాను అని రెండు పేజీలు రాసి పంపాను. రిజెక్ట్. అడ్మిన్ కింద ఒక్క లైను పెట్టాడు: "అన్నా, ఈ వారంలో నువ్వు ఆరో అనాథవి."

రెండోసారి సూరిబాబు అని పేరు పెట్టాను. కాకినాడ పోర్టు దగ్గర లారీ క్లీనర్‌గా చేసి, బావమరిది మాట నమ్మి ఇక్కడికొచ్చి, వాడు ఫోనెత్తకపోతే టాక్సీ తోలుకుంటున్నవాడు. ఈసారి వాయిస్ ఇంటర్వ్యూకి పిలిచారు. "ఎవడో గన్ను పెట్టి డబ్బులు తియ్యమన్నాడు, ఏం చేస్తవ్ అన్నా?" అనడిగాడు ఇంటర్వ్యూ చేసినవాడు. "ఇచ్చేస్తానండి, చొక్కా జేబులో ఇంకో ఇరవై ఉంటే అవి కూడా" అన్నాను. నవ్వి పాస్ చేశాడు. ప్రాణం మీద భయం చూపించడమే అక్కడ అన్నిటికన్నా పెద్ద రూలు, హీరోయిజం చేసేవాడికి చోటు లేదు.

మొదటిరోజు జరిగింది ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. లీజియన్ స్క్వేర్ దగ్గర సిగ్నల్ దాటేసినందుకు పోలీసు ఆపాడు. ఇంగ్లిష్ ఊరు కదా, ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి కాబోలనుకుని "ఎస్ ఆఫీసర్" అని మొదలుపెట్టాను. అతను తాపీగా "ఎక్కడికండి అంత స్పీడు?" అన్నాడు. లైసెన్స్ చూపించమంటే ఎలాగో తెలీలేదు. ఇంక ఆగలేక "బ్రో, దీనికి ఏ బటన్ నొక్కాలి?" అనేశాను. అందరూ విన్నారు. ఆట మధ్యలో ఆటగాడిలా మాట్లాడటం పెద్ద తప్పు. అతను క్షణం కూడా తడబడలేదు. "బటనా? చొక్కాకి అన్నీ బానే ఉన్నాయి కదా బాబాయ్. మతిమరుపు ఉంటే ట్యాబ్లెట్ వేసుకో. ట్యాబ్... లెట్." రెండు సెకన్లు పట్టింది నాకు వెలగడానికి. ట్యాబ్ నొక్కితే జేబులో సామాను కనిపించింది, లైసెన్స్ ఇచ్చాను. క్యారెక్టర్ విరగకుండా కొత్తవాడికి దారి చూపించడం అంటే అదీ. అలాంటివాళ్ళు పదిమంది ఉంటే ఏ సర్వరైనా నిలబడుతుంది.

క్రాష్ అయితే "తల పేలింది" అనాలి, లాగవుట్ అయ్యే ముందు "నిద్రొస్తోంది" అనాలి, సర్వర్ రీస్టార్ట్ అయితే "తుఫానొస్తోంది" అనాలి. ఇవి రెండు వారాల్లో వచ్చేస్తాయి. ఎక్కడ ఏ భాష వాడాలన్నది మాత్రం నాకు ఆర్నెల్లు పట్టింది. రూల్స్‌లో "తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఓకే" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అసలు లెక్క వేరు. పోలీసు రేడియోలో ఇంగ్లిషే, టెన్ ఫోర్, టెన్ ట్వెంటీ అని కోడ్ మాటలు వాడుతూ. అదే పోలీసు కారు దిగి కిటికీ దగ్గరికి రాగానే తెలుగు. కోర్టు కాగితాలు, ఎఫ్ఐఆర్‌లు ఇంగ్లిష్. బేరం తెలుగు. బ్యాంకు దోపిడీ మధ్యలో బేరసారాలు మొదట ఇంగ్లిష్‌లో మొదలై, గొంతు లేచేసరికి తెలుగులోకి జారిపోతాయి. మన ఆఫీసుల్లో మీటింగులూ ఇంతే కదా.

లిపి సంగతి ఇంకోటి. స్లాష్ మీ అని కొట్టి మన క్యారెక్టర్ చేసే పనిని రాస్తే అది తల మీద తేలుతుంది. ఉత్సాహంగా "జేబులోంచి బీడీ తీశాడు" అని తెలుగు లిపిలో కొట్టాను. తల మీద వరసగా ఖాళీ డబ్బాలు కనిపించాయి. గేమ్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలే లేవు. పక్కన చాట్ బాక్సులో అవే అక్షరాలు చక్కగా వస్తాయి, ఎందుకంటే అది బ్రౌజర్ లాంటిది. అందుకని నోటితో తెలుగు, తల మీద ఇంగ్లిష్. మా చాట్‌లో కూడా సగంమంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు కొడతారు. అది చదవడం నాకు తలనొప్పి, ఇప్పటికీ అలవాటు కాలేదు.

ఇంగ్లిష్‌లో రోల్‌ప్లే చేసేవాళ్ళకి లేని బెడద ఒకటి మనకుంది, నువ్వా మీరా అన్నది. యూ అంటే సరిపోదు. నోరు తెరవగానే ఎదుటివాడి వయసు, హోదా, మన పొగరు అన్నీ తేల్చెయ్యాలి. ఆటలో మా ఎస్సై నిజానికి ఇంజినీరింగ్ సెకండియర్ కుర్రాడు, నాకు నలభై దాటాయి. వాడు "ఏయ్ టాక్సీ, పక్కకి తియ్" అంటాడు, నేను "అయ్యా, చిన్న కిరాయి సార్" అంటాను. ఒకరోజు రాత్రి పదకొండింటికి తలుపు అవతల మా అమ్మ విని, పొద్దున్నే "ఇంత రాత్రప్పుడు కూడా ఆ ఆఫీసువాళ్ళు నిన్నట్టా కేకలేస్తున్నారేంట్రా, మానెయ్ ఆ ఉద్యోగం" అంది. డిస్కార్డ్‌లోకి రాగానే వాడే నన్ను అన్నగారూ అంటాడు, "ఇందాక ఎక్కువన్నానా?" అని అడుగుతాడు. ఈ మారడం చేతకానివాళ్ళు ఆటలో దెబ్బతినిపోతారు. ఎస్సై ఏకవచనంలో పిలిచాడని నిజంగానే అలిగి వెళ్ళిపోయిన ఒక పెద్దాయన్ని చూశాను.

మనవాళ్ళు అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు. మనకి రాత్రి పది అంటే డాలస్‌లో వేసవిలో పొద్దున్న పదకొండున్నర, అందుకే వాళ్ళు శని, ఆదివారాల్లోనే కనిపిస్తారు. అంబులెన్స్‌లో పనిచేసే ఒకమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది. తెలుగు వింటే అర్థమవుతుంది, అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడేంత వస్తుంది, చదవడం రాదు. ఒకసారి టాక్సీ గుద్దేసుకుని రోడ్డు మీద కూర్చున్నాను. ఆమె వచ్చి "మీకు నొప్పి ఎక్కడ ఉంది?" అంది. "నొప్పి లేదమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాను. ఒక నిమిషం చప్పుడు లేదు. తర్వాత ఆమె తల మీద ఇంగ్లిష్‌లో తేలింది: టార్చి తీసి అతని కళ్ళు ఏ వైపు తిరుగుతున్నాయో చూస్తోంది. చుట్టూ ఉన్న నలుగురం మైకులు కట్టేసి పడి పడి నవ్వాం. నవ్వింది అందుకే అని తెలిశాక ఆమెకి కష్టంగా అనిపించిందట, వారం పాటు ఇంగ్లిష్ తప్ప మాట్లాడలేదు. తప్పు మాదే. అప్పట్నించి డిస్కార్డ్‌లో హాస్పిటల్ వాళ్ళకో చిన్న జాబితా తయారైంది: కడుపు ఉబ్బరం, నడుం పట్టేసింది, గుండె దడ, ఒళ్ళు వెచ్చబడింది. అది మొదలుపెట్టింది ఆమే. నేను పది మాటలు ఇచ్చాను.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఐదో నెలలో సూరిబాబు అప్పులు తీర్చలేక చిన్న చిన్న దొంగతనాలకి దిగాడు. శాండీ షోర్స్‌లో ఒక షాపు దగ్గర ఒకడికి గన్ను పెట్టి "కదిలావో, ఇక్కడే లేపేస్తా" అన్నాను. వాడు కదిలాడు, కాల్చాను. వాడు రిపోర్ట్ కొట్టాడు. ఆ పూట చూసిన స్టాఫ్ మెంబర్‌కి తెలుగు రాదు, ఎవరినో అడిగితే "లేపడం అంటే పైకెత్తడం" అని చెప్పారట. అంటే నేను చంపుతానని బెదిరించనే లేదు, ఊరికే ఎత్తుకుంటానన్నాను, ఆ తర్వాత కారణం లేకుండా కాల్చాను. ఆర్‌డీఎం, మూడు రోజుల బ్యాన్. అప్పీల్ పెట్టాను, క్లిప్ ఇచ్చాను, అర్థం వివరిస్తూ ఇంగ్లిష్‌లో వ్యాసమే రాశాను. జవాబు నాలుగో రోజు వచ్చింది, బ్యాన్ అయిపోయాక. రెండు భాషల సర్వర్ అని బోర్డు పెట్టుకున్నప్పుడు ప్రతి షిఫ్టులో రెండు భాషలూ వచ్చినవాడు ఒకడు ఉండాలా వద్దా? ఆ తర్వాత బెదిరింపు రెండు భాషల్లోనూ చెప్పాలని రూలు పెట్టారు. ఇప్పుడు దొంగలందరూ రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ లాగా "హ్యాండ్స్ అప్, చేతులు పైకెత్తండి" అని అరుస్తున్నారు. భయం పోయి నవ్వొస్తోంది, అయినా బ్యాన్ కన్నా నయం.

ఇంకోటి నవ్వులాట కాదు. కొత్తవాడు కనిపిస్తే "మీ ఇంటిపేరేంటి? ఏ ఊరు? అక్కడ ఎవరి తాలూకా?" అని క్యారెక్టర్ ముసుగులో కూపీ లాగేవాళ్ళున్నారు. ఎందుకు అడుగుతున్నారో మనకి తెలుసు. ఇంగ్లిష్ బూతు ఒక్కటి పడితే నిమిషంలో చర్య తీసుకునే స్టాఫ్, ఇది ఏదో పలకరింపు అనుకుని చాలాకాలం వదిలేశారు. హీరోల ఫ్యాన్స్ గొడవలు కూడా అంతే, రెండు గ్యాంగులు కొట్టుకుంటుంటే కారణం ఎవరి సినిమా ఆడలేదన్నదే. ఎందరో మొత్తుకున్నాక కులం, పార్టీలు, హీరోలు మూడింటినీ నిషేధించారు. పూర్తిగా ఆగిందని చెప్పను. యాసలని వెక్కిరించడం ఆగలేదు కూడా. సీమ యాస అనగానే బాంబులు, గోదావరి యాస అనగానే వెటకారం, ఇంతకు మించి ఊహించలేని క్యారెక్టర్లు సగం ఉన్నాయి. నా సూరిబాబు కూడా మొదట్లో ఆయ్, ఆయ్ అంటూ అలాంటివాడే అని ఒప్పుకోవాలి.

మెషిన్ సంగతి: నాది 8 జీబీ ర్యామ్‌తో నత్తలా నడిచేది, 16 చేశాక కుదుటపడింది. మొదటిసారి సర్వర్ ఎక్కేటప్పుడు దాని బండ్లూ బట్టలూ అన్నీ డౌన్‌లోడ్ అవుతాయి, ఓపిక పట్టండి, మొబైల్ డేటా మీద చెయ్యకండి. 2025 మార్చిలో పీసీకి ఇదే గేము కొత్త రూపం, ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్, వచ్చినప్పుడు చాలామంది అదే ఇన్‌స్టాల్ చేసి ఫైవ్ఎమ్ పనిచెయ్యట్లేదని గోల పెట్టారు, అప్పుడు అది నడిచేది పాత లెగసీ ఎడిషన్ మీదే. మైకు మంచిది కొనండి. ఫ్యాన్ చప్పుడూ కుక్కర్ విజిలూ వినిపిస్తే లాస్ శాంటోస్ కాస్తా వంటిల్లయిపోతుంది.

డబ్బు: ఆడటం ఫ్రీ. సర్వర్‌లోకి ఎక్కే క్యూలో ముందుకెళ్ళడానికి నెలకింత అని తీసుకుంటారు, శనివారం రాత్రి గంట గంటన్నర క్యూ ఉంటుంది కాబట్టి నేనూ కొన్నాళ్ళు కట్టాను. అది వేరు. ఎవరైనా మెసేజ్ పెట్టి, యూపీఐ కొడితే ఆటలో డబ్బు ఇస్తానంటే మాత్రం దూరంగా ఉండండి. ఆటలోని కరెన్సీ అమ్మడం, లూట్ బాక్సులు (లోపల ఏముందో తెలీకుండా కొనే పెట్టెలు), క్రిప్టో ఇవేవీ కుదరవని రాక్‌స్టార్ 2022 నవంబరులోనే చెప్పింది. అలా కొన్నవాడొకడు డబ్బూ పోగొట్టుకున్నాడు, అకౌంటూ పోగొట్టుకున్నాడు.

గెలవడం కోసం ఆడేవాళ్ళు రాకండి, విసుగెత్తిపోతారు. నేను ఒక ఆదివారం మొత్తం టాక్సీ టైరు పంచర్ గురించి మెకానిక్‌తో మాట్లాడుతూ గడిపాను. ఇంటికి దూరంగా ఉండి నాలుగు తెలుగు మాటలు వినాలనుకునేవాళ్ళకి, మాటకారులకి, మొహమాటస్థులకి ఇది బాగా పనిచేస్తుంది. మొహమాటస్థులకి ఎలా అంటారా, నేనే ఉదాహరణ. నిజంలో ఆటోవాడితో పది రూపాయలు బేరమాడలేను, సూరిబాబు మాత్రం ఎస్సైతో చలానా సగానికి తెగ్గొడతాడు.

మార్కులు వెయ్యమంటే ఐదుకి మూడున్నర. కోసేసిన ఒకటిన్నరలో ఒకటి లేపేస్తా కేసుకి. వచ్చే నెల క్యూ డబ్బు కట్టాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు, ఈలోపు సూరిబాబు లైసెన్స్ రెన్యూవల్‌కి వచ్చింది, ఆ ఫారం ఇంగ్లిష్‌లో ఉంది, వాడికేమో చదవడం రాదని కథలో నేనే రాసి చచ్చాను. శనివారం ఆ అంబులెన్స్ అమ్మాయి వస్తే చదివి పెట్టమని అడగాలి.