నీటి అడుగున వీడియోకి ఏది మేలు? డీఎస్‌ఎల్‌ఆరా, చిన్న కెమెరానా?

"కెమెరా ఎలాగూ ఉంది కదా, దానికో వాటర్‌ప్రూఫ్ డబ్బా కొంటే సరిపోదా?" ఇంట్లో డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా) ఉన్నవాళ్లు స్కూబా డైవింగ్ నేర్చుకోగానే ముందు అడిగే మాట ఇది. నేనూ అడిగాను. విశాఖ రుషికొండలో డైవింగ్ నేర్చుకున్న ఏడాదికే నా క్యానన్ 70డీ డీఎస్‌ఎల్‌ఆర్‌కి సెకండ్ హ్యాండ్‌లో హౌసింగ్, అంటే ఆ వాటర్‌ప్రూఫ్ డబ్బా, కొన్నాను. మా తమ్ముడి దగ్గర ఒలింపస్ టీజీ-6 అనే చిన్న వాటర్‌ప్రూఫ్ కెమెరా ఉంది. మరదలికి గోప్రో ఇష్టం. అండమాన్ వెళ్లినప్పుడల్లా ముగ్గురం ఒకే డైవ్‌లో, ఒకే చేపని, మూడు కెమెరాలతో తీస్తాం. ఇంటికొచ్చాక టీవీలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని చూస్తాం. అలా చూసి చూసి తేల్చుకున్న సంగతులు ఇవి.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో వీడియో మొదలైంది 2008లో. ముందు నికాన్ డీ90, ఆ వెంటనే క్యానన్ 5డీ మార్క్ 2. అప్పటిదాకా వీడియోకి పెద్ద సెన్సర్ (కెమెరాలో వెలుతురుని పట్టే భాగం), మార్చుకునే లెన్సులు సినిమా కెమెరాల సొత్తు. మామూలు మనిషి కొనగలిగే ధరకు అవి దిగివచ్చేసరికి నీళ్లలో తీసేవాళ్లూ వెంటనే అందుకున్నారు. కారణం వెలుతురే. నీళ్లలోకి దిగిన కొద్దీ వెలుతురు తగ్గిపోతుంది, పైగా రంగులు ఒక్కొక్కటిగా ఆరిపోతాయి. ముందు పోయేది ఎరుపు. అయిదారు మీటర్లు దిగేసరికే ఎర్రటి చేప గోధుమ రంగులో కనిపిస్తుంది, ఇరవై మీటర్ల దగ్గర అంతా నీలం, బూడిద. ఇలాంటి చోట సెన్సర్ ఎంత పెద్దదైతే అంత లాభం. 70డీ సెన్సర్ వైశాల్యం టీజీ-6 సెన్సర్ కంటే దాదాపు పన్నెండు రెట్లు ఎక్కువ. రాతి నీడలో దాక్కున్న లయన్ ఫిష్‌ని తీసి పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా దాచినా దాగదు. నా క్లిప్‌లో నీడ నీడలాగే నల్లగా, శుభ్రంగా ఉంది. తమ్ముడి దాంట్లో ఆ నీడలో ఇసుక చల్లినట్టు చుక్కలు కదులుతున్నాయి.

రంగు దగ్గరా డీఎస్‌ఎల్‌ఆర్‌దే పైచేయి, కాకపోతే కష్టపడాలి. ఫోటో అయితే రా ఫైల్‌లో, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టే దాచే ఫైల్‌లో, తీసి ఇంటికొచ్చాక రంగు దిద్దుకోవచ్చు. నా 70డీ లాంటి కెమెరాల వీడియోకి ఆ వెసులుబాటు లేదు. తీసేటప్పుడు వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకి చెప్పే సెట్టింగ్) తప్పితే, ఎడిటింగ్‌లో ఎంత ఎరుపు పోసినా బురద ఊదా రంగు వస్తుంది తప్ప పగడం రంగు రాదు. అందుకే తెల్లటి ప్లాస్టిక్ పలక ఒకటి నడుముకి తగిలించుకుని దిగుతాను. లోతు మారినప్పుడల్లా ఆ పలకని ఒక ఫోటో తీసి, మెనూలోకి వెళ్లి, ఆ ఫోటోనే తెలుపుకి కొలతగా తీసుకోమని చెప్పాలి. గ్లవ్స్ లేని చేతులతో, హౌసింగ్ బొత్తాల మీద, మొత్తం అరనిమిషం పని. ఈలోపు తాబేలు వెళ్లిపోయిన రోజులున్నాయి. కుదిరిన రోజున మాత్రం పది మీటర్ల లోతులో, లైటు లేకుండా, కేవలం ఎండ వెలుతురుతో పగడాల మీద ఎర్రటి ఛాయ తిరిగొస్తుంది. ఆ రంగు ఇప్పటిదాకా మా గోప్రోలో నేను చూడలేదు. గోప్రో ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే కొంత దగ్గరికి వస్తుంది. ఆ ఫిల్టర్ పెట్టుకుని టార్చ్ వేస్తే మాత్రం దగ్గరున్నవన్నీ ఎర్రగా కాలినట్టు వస్తాయి, రెండూ కలపకూడదు.

ఇక కష్టాలు. డీఎస్‌ఎల్‌ఆర్‌ని నేల మీద కంటికి ఆనించుకుని వాడతాం. వీడియో మొదలవగానే లోపలి అద్దం పైకి లేస్తుంది, వ్యూఫైండర్ చీకటైపోతుంది. కాబట్టి వెనక తెర చూస్తూ తీయాల్సిందే. పైన ఎండ పడుతుంటే ఆ తెర మీద ఏమీ కనిపించదు, ఫోకస్ ఉందో లేదో ఊహించుకోవాలి. పాత మోడళ్లలో అయితే వీడియోకి ఆటో ఫోకస్ వెతుకుతూ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. 2013లో వచ్చిన 70డీలో డ్యూయల్ పిక్సెల్ ఆటో ఫోకస్ అన్నది వచ్చాకే ఈ బాధ చాలావరకు తీరింది. అంతకు ముందరి కెమెరా మీ దగ్గరుంటే, వీడియో కోసం దానికి హౌసింగ్ కొనొద్దనే చెబుతాను. ఫోటోలకైతే సరే. మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దమే లేదు కాబట్టి వీడియో తీస్తున్నా వ్యూఫైండర్ పని చేస్తుంది. కొత్తగా కొనేవాళ్లు డీఎస్‌ఎల్‌ఆర్ వైపు చూడాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు. ఉన్నవాళ్లకీ, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికేవాళ్లకీ మాత్రమే ఈ పోలిక.

హౌసింగ్ ముందు భాగాన ఉండే గాజుని పోర్ట్ అంటారు. చాలామంది లెక్కలోకి తీసుకోని ఖర్చు ఇదే. బల్లపరుపు పోర్ట్ పెడితే నీరు వెలుతురుని వంచడం వల్ల వస్తువులు మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి, దృశ్యం ఇరుకవుతుంది. చిన్న జీవుల్ని తీయడానికి అది మంచిదే. రీఫ్ (పగడాల దిబ్బ) మొత్తం తీయాలంటే డోమ్ పోర్ట్ కావాలి, బోర్లించిన గాజు గిన్నెలాంటిది. దాని చిత్రమేమిటంటే, ఎదురుగా ఎంత దూరాన ఉన్న దృశ్యమైనా డోమ్ ముందు ఒక అడుగు దూరంలోనే ఉన్నట్టు లెన్స్‌కి కనిపిస్తుంది. కాబట్టి దగ్గర ఫోకస్ చేయలేని లెన్స్ డోమ్ వెనక పెడితే వీడియో అంతా మసకే. నేను మొదట కెమెరాతో వచ్చిన కిట్ లెన్సే పెట్టుకుని దిగాను. అంచులు కరిగిన మైనంలా వచ్చాయి. తర్వాత టోకినా 10-17 ఫిష్ ఐ దొరికింది, దాంతో కుదిరింది. అంటే కెమెరా ఉన్నా, లెన్స్, పోర్ట్, డబ్బా అన్నీ విడివిడిగా కొనాల్సిందే. పాలీకార్బొనేట్ హౌసింగ్ కొత్తదైతే 1,500 డాలర్లు దాటుతుంది, అల్యూమినియందైతే 3,000 పైమాటే. ఒక మోడల్ కోసం చేసిన డబ్బాలో మామూలుగా ఇంకో మోడల్ పట్టదు. రేపు కెమెరా మారిస్తే డబ్బా అటకెక్కుతుంది. గోప్రో లాంటి యాక్షన్ కెమెరా, దానికి 60 మీటర్ల దాకా ఆగే డబ్బా కలిపినా చవకరకం హౌసింగ్ ధరలో మూడో వంతు కాదు.

యాక్షన్ కెమెరాలు డబ్బా లేకుండానే పది మీటర్లు దిగుతాయి, డీజేఐ యాక్షన్ 4 అయితే 18 మీటర్లు. మా మరదలు తన గోప్రోని మణికట్టుకి కట్టుకుని దిగుతుంది, ఉందన్న సంగతే మర్చిపోతుంది. ఊగుడు సర్దే స్టెబిలైజేషన్ ఎంత బాగుంటుందంటే, సముద్ర ప్రవాహంలో కొట్టుకుపోతూ తీసినా వీడియో చేపలాగే సాఫీగా ఈదుతుంది. తాబేలు వెంట, చేపల గుంపు మధ్యన, పడవ మీంచి దూకుతున్న మనుషుల్ని తీయడానికి దీన్ని మించింది లేదు. దాని అసలు లోటు ఫోకస్. లెన్స్ స్థిరంగా ఉంటుంది కాబట్టి, అడుగు కంటే దగ్గరికి వెళితే వస్తువు మసకబారుతుంది. దూరం నుంచి తీస్తే చేప చీమంత.

నీమో రీఫ్ దగ్గర తీసిన క్లిప్‌లు దీనికి మంచి ఉదాహరణ. స్వరాజ్ ద్వీప్, అంటే మునుపటి హావ్‌లాక్, తీరాన లోతు తక్కువున్న చోటు అది. సీ ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి)లో క్లౌన్ ఫిష్ జంట ఒకటి కాపురముంటోంది. గోప్రో క్లిప్‌లో ఎనిమోన్ ఊగడం, చుట్టూ పగడాలు, పైన ఎండ తళతళ, అన్నీ ఉన్నాయి. చేప మాత్రం నారింజ చుక్క. టీజీ-6 క్లిప్‌లో చేప ముఖం తెరనిండా ఉంది, కంటి చుట్టూ నల్ల గీత కనిపిస్తోంది. నా క్లిప్‌లో తండ్రి చేప నోటితో నీళ్లు ఊదుతూ రాతి మీది గుడ్లకి గాలి తగిలిస్తున్నట్టు చేయడం, ఒక్కో గుడ్డులో వెండి చుక్కల్లాంటి రెండు కళ్లు... అని రాద్దామనుకున్నాను కానీ, అది కూడా తమ్ముడి క్లిప్పే. నేను ఆ రోజు డోమ్ పోర్ట్‌తో దిగాను. నీళ్లలోకి వెళ్లాక లెన్స్ మార్చలేం. పెద్ద దృశ్యానికి సిద్ధమై వెళితే చిన్నదానికి చేతులు కట్టేసినట్టే. టీజీ-6 మాత్రం ఒకే డైవ్‌లో 25 మిల్లీమీటర్ల లెన్స్ చూపే విశాల దృశ్యం నుంచి లెన్స్‌కి ఒక సెంటీమీటర్ దూరంలోని రొయ్యపిల్ల దాకా తీస్తుంది. ఊరికే 15 మీటర్లు, దాని సొంత డబ్బాతో 45 మీటర్లు దిగుతుంది. షట్టర్‌ని మన చేతికి ఇవ్వదు, చీకట్లో నాణ్యత తగ్గుతుంది. అయినా దాని మీద నాకు గౌరవం పెరుగుతూనే ఉంది.

మన తీరం సంగతికొస్తే ఈ గౌరవం ఇంకా పెరుగుతుంది. రుషికొండ, మంగమారిపేట వైపు చాలా రోజులు నీళ్లు పచ్చగా, మసకగా ఉంటాయి. చెయ్యి చాపితే వేళ్లు మసకగా కనిపించే రోజులూ చూశాను. అలాంటి నీళ్లలో కెమెరాకీ వస్తువుకీ మధ్య ఎంత తక్కువ నీరుంటే అంత స్పష్టత. పెద్ద డోమ్, వేల ల్యూమెన్ల లైట్లు తీసుకెళితే, నీటిలోని మట్టి రేణువులన్నీ వెలిగి మంచు కురిసినట్టు వస్తుంది. లైట్లని చేతులంత దూరం పక్కలకి జరిపితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. విశాఖలో రాళ్ల సందుల్లోని చిన్న పీతలు, నుడిబ్రాంక్‌లు (చిప్ప లేని సముద్రపు నత్తలు) తీయడానికి టీజీ, ఒక చిన్న వీడియో లైటు చాలు. అక్కడికి డీఎస్‌ఎల్‌ఆర్ మోయడం మానేశాను.

బరువు మాట కూడా చెప్పాలి. నా సెట్, రెండు లైట్లు, వాటిని తగిలించే కడ్డీలతో కలిపి నేల మీద ఏడు కిలోలకి దగ్గర్లో ఉంటుంది. నీళ్లలో దాదాపు బరువుండదు, కానీ గాలి నిండిన డోమ్ పైకి లేవాలని చూస్తుంది, మణికట్టు తిప్పేస్తుంది. ముప్పావుగంట డైవ్ అయ్యేసరికి చెయ్యి లాగేస్తుంది. బ్యూయెన్సీ, అంటే నీళ్లలో మునగకుండా తేలకుండా నిలకడగా ఉండటం, ఇంకా కుదరని వాళ్ల చేతికి ఇంత సెట్ ఇస్తే కళ్లన్నీ తెర మీదే ఉంటాయి. గాలి గేజ్ చూడరు, లోతు చూడరు, మోకాళ్లు పగడం మీద ఆనించేస్తారు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. అవి కోలుకోవడానికి పట్టే కాలం ముందు మన క్లిప్ ఏపాటిది? గట్టి పగడాలకి మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్‌లో చోటుంది. అందుకే కనీసం ముప్పై నలభై డైవ్‌లు అయ్యేదాకా పెద్ద కెమెరా జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. ఆ లోపు మణికట్టు కెమెరా చాలు.

టెన్షన్ విషయంలోనూ తేడా ఉంది. హౌసింగ్ రెండు ముక్కల మధ్య ఓ-రింగ్ అని సన్నటి రబ్బరు చుట్టు ఉంటుంది. నీళ్లకీ కెమెరాకీ మధ్య ఉన్నది అదొక్కటే. 20 మీటర్ల లోతులో నేల మీద కంటే మూడింతలు ఒత్తిడి. ప్రతి డైవ్‌కి ముందు దాన్ని తీసి, తుడిచి, వేలి కొసతో సిలికాన్ గ్రీజు పూసి, దీపానికి ఎదురుగా తిప్పి చూడాలి. ఒకసారి పడవ మీద హడావుడిగా మూశాను. 12 మీటర్ల దగ్గర డోమ్ లోపల కింది అంచున నీటి గీత కనిపించింది, చిటికెన వేలంత. డోమ్ కిందికి ఉండేలా తిప్పి పట్టుకుని మెల్లగా పైకొచ్చాను. కెమెరా బతికింది, లెన్స్ పోయింది. విప్పి చూస్తే ఓ-రింగ్ మీద అడ్డంగా ఒక తల వెంట్రుక. ఇప్పుడు లోపలి గాలి లాగి, ఎక్కడైనా లీకై లోపల ఒత్తిడి పెరిగితే లైటుతో హెచ్చరించే వాక్యూమ్ పరికరం అమర్చుకున్నాను. గోప్రో పోతే బాధ ఒక రోజుది. ఈ సెట్ పోతే ఏడాది డైవింగ్ డబ్బులు పోయినట్టు.

కాబట్టి నా తీర్పు ఇది. సెలవుల్లో ఏడాదికి నాలుగైదు డైవ్‌లు చేసేవాళ్లకి యాక్షన్ కెమెరా. తరచూ దిగుతూ, చిన్న జీవుల మీద మనసున్నవాళ్లకి, విశాఖలో ఎక్కువగా దిగేవాళ్లకి టీజీ లాంటిది, ఒక మంచి లైటుతో. 70డీ గానీ, ఆ తర్వాతి కెమెరా గానీ ఇప్పటికే చేతిలో ఉండి, ఒళ్లు నీళ్లలో నిలకడగా ఉండి, ఏం తీయాలో డైవ్‌కి ముందే తేల్చుకునే ఓపికున్నవాళ్లకి మాత్రమే డీఎస్‌ఎల్‌ఆర్. ఆ మూడోదాన్నే నేను ఎంచుకున్నాను, ఇప్పటికీ వదల్లేదు. పది మీటర్ల లోతులో ఎండ గీతలు కిందికి దిగుతుండగా, ఆ పలక చూపించి రంగు కుదిరిన క్షణాన తెర మీద కనిపించేది చూస్తే వదలబుద్ధి కాదు.

మీరూ సెకండ్ హ్యాండ్ హౌసింగ్ కొంటే, మొదటి డైవ్‌కి కెమెరా పెట్టకండి. లోపల పొడి టిష్యూ కాగితం పరచండి. ఖాళీ డబ్బా బెండులా పైకి తేలుతుంది కాబట్టి కింద సీసం బరువు గట్టిగా కట్టండి. 18 మీటర్ల దాకా తీసుకెళ్లి, ప్రతి బొత్తాం పదేసి సార్లు నొక్కి, అరగంట ఉంచి పైకి తీసుకురండి. మంచినీళ్లతో కడిగి, బయట పూర్తిగా ఆరాక మూత తీసి ఆ కాగితాన్ని బుగ్గకి ఆనించి చూడండి. ఎక్కడా చల్లగా తగలకపోతే, మరుసటి డైవ్‌కి కెమెరా పెట్టుకోవచ్చు.