జావా అప్‌గ్రేడ్: ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్టు ఉండే వెర్షన్) వచ్చినప్పుడల్లానా, తప్పనిసరైనప్పుడా?

2014లో వచ్చిన జావా 8 మీదే ఇంకా బండి లాగిస్తున్న టీములు చాలానే ఉన్నాయి. నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకన్నది వాళ్ల వాదన. రిలీజు వారంలో అయితే నేనూ అదే అంటాను. కానీ జావా అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 3కి కనీసం జావా 17 కావాలి. అప్పుడు అన్నీ ఒకేసారి మీద పడతాయి: జావా 11లో తీసేసిన జాక్స్‌బీని (ఎక్స్‌ఎంఎల్‌ను జావా ఆబ్జెక్టులుగా మార్చేది) విడిగా డిపెండెన్సీగా పెట్టుకోవాలి, 'జావాఎక్స్.సర్వ్‌లెట్' ఇంపోర్టులన్నీ 'జకార్తా.సర్వ్‌లెట్' చేయాలి, పాత లాంబాక్ (రొటీన్ కోడ్‌ను తానే పుట్టించే లైబ్రరీ) ఉంటే కంపైలే కాదు. బగ్ ఏ మార్పు వల్ల వచ్చిందో తేల్చడం నరకం.

ఎప్పటికప్పుడు మారేవాళ్లకు ఈ పని విడతలుగా తెములుతుంది. 2021 నుంచి రెండేళ్లకో ఎల్‌టీఎస్: 17, 21, 25. వచ్చిన రోజే దూకనక్కర్లేదు. గ్రేడిల్ (బిల్డ్ టూల్), లాంబాక్ ఆ వెర్షన్‌ను అందుకునేదాకా ఆగి, ముందు సీఐలో (కోడ్ మారినప్పుడల్లా ఆటోమేటిగ్గా బిల్డ్, టెస్టులు నడిపే చోట) కొత్త జేడీకేతో (జావా డెవలప్‌మెంట్ కిట్) టెస్టులు నడిపి చూస్తే చాలు. ఏడాదిలో మూసేసే ప్రాజెక్టయితే మాత్రం జావా 8నే ఉంచేయండి.