మార్జిన్ కాల్: బ్యాంకర్ తప్పు ఎక్కడుందో లెక్కలో చూపించిన సినిమా

2008 ఆర్థిక సంక్షోభం మీద వచ్చిన సినిమాల్లో బ్యాంకర్‌ని ఇంత దగ్గరగా చూపించింది జె.సి. చాండర్ తీసిన ‘మార్జిన్ కాల్’ (2011). కథంతా ఒక పెట్టుబడి బ్యాంకులో, ఒకటిన్నర రోజులో అయిపోతుంది.

ఉద్యోగం పోయిన రిస్క్ అధికారి ఎరిక్ డేల్ వెళ్తూ వెళ్తూ జూనియర్ చేతిలో, నష్టాన్ని అంచనా వేసే లెక్క (మోడల్) సగం వరకు ఉన్న పెన్‌డ్రైవ్ పెడతాడు. ఆ కుర్రాడు రాత్రి కూర్చుని మోడల్ పూర్తి చేస్తే తేలేది ఇదీ: తనఖా బాండ్ల (ఇళ్ల అప్పుల మీద కట్టిన బాండ్లు) విలువ 25 శాతం పడితే నష్టం కంపెనీ మార్కెట్ విలువనే దాటేస్తుంది. ఇందులో అతిశయోక్తి లేదు. సొంత డబ్బు 1 డాలరు మీద అప్పు తెచ్చి 30 డాలర్ల ఆస్తులు పెట్టుకుంటే, వాటి ధర 3.3 శాతం తగ్గగానే ఆ డాలరు ఎగిరిపోతుంది. 2008లో దివాలా తీసిన బ్యాంకు లేమన్ బ్రదర్స్ ఇంచుమించు ఆ స్థాయిలోనే ఉండేది. మీటింగుల్లో పై అంతస్తుకి వెళ్లేకొద్దీ ఆ లెక్క చదవగలిగేవాళ్లు తగ్గిపోతుంటారు. అది చాలా నిజం.

తెల్లారాక, విషయం తెలియని కొనుగోలుదారులకి ఆ బాండ్ల అమ్మకం. తన వాటాలో 93 శాతం వదిలించుకున్న ట్రేడర్‌కి 14 లక్షల డాలర్ల బోనస్. రేపట్నుంచి వాళ్ల దగ్గర ఎవరూ ఏదీ కొనరు కాబట్టి, అది పోయిన పరపతికి కట్టిన ధర.

ఇక్కడే సినిమా కాస్త తేలిగ్గా దాటేసింది. తనఖా బాండ్లకి షేర్లకి ఉన్నట్టు ఎక్స్ఛేంజ్ లేదు, ఫోన్లోనే బేరం. పెద్ద సంస్థ అన్నీ ఒకేసారి అమ్మకానికి పెడితే నాలుగైదు ఫోన్లకే కబురు పాకి, కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. సాయంత్రానికల్లా దాదాపు సరుకంతా ఖాళీ అవడం నమ్మబుద్ధి కాదు.

అంతకన్నా పెద్ద లోటు రెపో. అంటే ఈ సంస్థలు బాండ్లు తాకట్టు పెట్టి రాత్రికి రాత్రి తెచ్చుకునే అప్పు. 100 డాలర్ల బాండ్‌కి 98 ఇచ్చేవాడు మర్నాడు 90 అంటే, ప్రతి 100కి 8 డాలర్ల నగదు వెంటనే వెతుక్కోవాలి. సంస్థ ఊపిరి ఆగేది అక్కడే. అప్పిచ్చినవాడు ఇంకా తాకట్టు పెట్టమని అడగడాన్నే మార్జిన్ కాల్ అంటారు. పేరు అదే పెట్టుకున్న సినిమాలో ఆ అప్పిచ్చేవాడు ఒక్క సీన్లోనూ ముఖ్యం కాడు.

అయినా డేల్ ఇంటి మెట్ల మీద సీన్ కోసమైనా చూడాలి. ఒకప్పుడు ఇంజనీరుగా తాను కట్టిన వంతెన రోజూ 12,100 మందికి ఒక్కోవైపు 35 మైళ్ల ప్రయాణం తప్పించిందని, అలా మిగిలిన మైళ్లనీ ఏళ్లనీ కాగితం లేకుండా గుణించుకుంటూ పోతాడు.