మొదటి గిటార్: ఎఫ్‌310, ఎఫ్‌ఎస్‌800, ఎఫ్‌జీ800, సీడీ-60ఎస్‌లలో ఏది ఎవరికి?

స్టీలు తీగల గిటార్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరిని అడిగినా ఈ నాలుగు పేర్లే వినిపిస్తాయి: యమహా ఎఫ్‌310, ఎఫ్‌ఎస్‌800, ఎఫ్‌జీ800, ఫెండర్ సీడీ-60ఎస్. నాలుగూ నమ్మి కొనదగ్గవే. పెద్దవాళ్లలో ఎక్కువమందికి సరిపడేది ఎఫ్‌ఎస్‌800. డబ్బు బిగువుగా ఉంటే ఎఫ్‌310 తీసుకోవచ్చు, తలవంపులేం లేవు. అయితే మోడల్ కంటే ముందు చూడాల్సింది ఒకటుంది: ఫ్రెట్ల మీద, అంటే మెడ మీది అడ్డ కమ్మీల మీద, తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయన్నది. వాయించేవాళ్లు దీన్ని యాక్షన్ అంటారు. యాక్షన్ సరిగ్గా ఉన్న ఎఫ్‌310 మీద వారంలో పట్టుబడే కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల కూర్పు), యాక్షన్ ఎత్తుగా ఉన్న ఖరీదైన గిటార్ మీద నెలకీ లొంగదు.

కొలవడానికి మిల్లీమీటర్ల గీతలున్న స్టీలు స్కేలు చాలు. ముందు గిటార్‌ని ట్యూన్ చేయాలి. తీగలు వదులుగా ఉంటే కొలత తప్పొస్తుంది. ఏ ఫ్రెట్టూ నొక్కకుండా, 12వ ఫ్రెట్ లోహపు కమ్మీ పైఅంచు నుంచి తీగ అడుగు వరకు కొలవాలి. అన్నిటికంటే లావైన ‘ఈ’ (E) తీగ దగ్గర 2.4 మి.మీ., అన్నిటికంటే సన్నదైన ‘ఈ’ (E) తీగ దగ్గర 1.8 మి.మీ. ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. 3 మి.మీ. దాటిందంటే ఎఫ్ కార్డ్ ఓ పట్టాన పలకదు. ఈ ధరలో వచ్చే గిటార్లు పెట్టె విప్పగానే ఎత్తుగా ఉండటం మామూలే. తీగ బర్రుమంటే కొన్నవాడు వాపసు తెస్తాడు, వేళ్లు నొప్పెడితే తనకే చేతకాలేదనుకుంటాడు. కంపెనీలు కాస్త ఎత్తు వైపే మొగ్గుతాయి మరి.

తగ్గించడం కష్టం కాదు. తీగలు విప్పి, బ్రిడ్జ్ (బాడీ మీద తీగల కొనలు బిగించే చెక్క) మీద నిలబడి ఉన్న తెల్లటి ప్లాస్టిక్ ముక్కని, అంటే శాడిల్‌ని, పైకి లాగాలి. తీసేముందు ఏ వైపు ఎటుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. తిరగేసి పెడితే శ్రుతి చెడుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ అడుగున ఒక మిల్లీమీటరు అరగదీయాలి. 12వ ఫ్రెట్ సరిగ్గా తీగ సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ సగమే తగ్గుతుంది. గాజు పలక మీద 220 నంబరు గరుకు కాగితం పరిచి, శాడిల్‌ని నిటారుగా పట్టుకుని నెమ్మదిగా రుద్దాలి. అడుగు వంకర పోతే బ్రిడ్జ్‌తో పూర్తిగా ఆనదు, శబ్దం చచ్చిపోతుంది. ఒకేసారి లెక్కంతా అరగదీయకుండా, సగం దగ్గర ఆగి తీగలు ఎక్కించి చూసుకోవడం మేలు. ఎక్కువ అరిగిపోతే కొత్త శాడిల్ కొనాల్సిందే. ఇదంతా మనవల్ల కాదనుకుంటే రిపేరు చేసేవాళ్లకి ‘సెటప్’ అని చెబితే చాలు, వాళ్లకిది రోజువారీ పని.

కొనేటప్పుడు మాత్రం ఒకటి గమనించాలి. బ్రిడ్జ్ చెక్క మీదకి శాడిల్ కనీసం 3 మి.మీ. తేలి ఉండాలి. శాడిల్ ఇప్పటికే బ్రిడ్జ్‌లోకి దిగిపోయినట్టుండి, అయినా తీగలు ఎత్తుగానే ఉన్నాయంటే మెడ అతికిన కోణంలోనే తేడా ఉంది. దాన్ని సరిచేయడానికి మెడ ఊడదీయాలి. ఆ ఖర్చు గిటార్ ధరకి దగ్గరపడుతుంది. ఏ బ్రాండైనా సరే, ఆ పీస్ వదిలేయండి.

రెండో చోటు నట్, మెడ చివర తీగలు కూర్చునే గాట్ల పట్టీ. తీగని మూడో ఫ్రెట్ వెనక నొక్కి, మొదటి ఫ్రెట్ మీద ఎంత ఖాళీ ఉందో చూడండి. పల్చటి కాగితం దూరేంత ఉంటే మంచిది. అంతకంటే బాగా ఎక్కువగా ఉంటే మొదటి మూడు ఫ్రెట్లలో వేసే కార్డ్‌లన్నీ చేతిని పిండేస్తాయి. కొత్తవాళ్లు మొదటి ఆరు నెలలూ గడిపేది అక్కడే. పైగా నట్ ఎత్తుగా ఉంటే నొక్కినప్పుడు తీగ అదనంగా సాగి, ట్యూనర్ సరేనన్న గిటారే కార్డ్ వేయగానే అపశ్రుతి పలుకుతుంది. నట్ గాట్లకి ప్రత్యేకమైన ఆకురాళ్లు కావాలి, ఇంట్లో ప్రయోగాలు వద్దు. మెడ లోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీ కూడా అంతే: తిప్పాల్సి వస్తే ఒక్కో పావు చుట్టు చొప్పునే. అది మెడ వంపుని సరిచేసేదే తప్ప యాక్షన్ తగ్గించే మీట కాదు.

ఇక మోడళ్ల సంగతి.

ఎఫ్‌310 డ్రెడ్‌నాట్ ఆకారం, అంటే పెద్ద బాడీ. శాడిల్ నుంచి నట్ దాకా తీగ పొడవు 634 మి.మీ., బాడీ లోతు 96 నుంచి 116 మి.మీ. పై పలక పొరలు అతికించిన స్ప్రూస్. శబ్దం శుభ్రంగా ఉంటుంది గానీ లోతు తక్కువ. పొరల చెక్కకి ఓ సుగుణం ఉంది: ఎండకీ తేమకీ తొందరగా పగలదు. గిటార్‌ని గోడకి ఆనించి వదిలేసే ఇంటికి ఇదే క్షేమం.

ఎఫ్‌ఎస్‌800కీ తీగ పొడవు 634 మి.మీ.లే. బాడీ చిన్నది, నడుము సన్నం, లోతు 90 నుంచి 110 మి.మీ. పై పలక ఒకే చెక్క, అంటే సాలిడ్ స్ప్రూస్, వాయించేకొద్దీ శబ్దం తెరుచుకుంటుంది. ఒళ్లో పెట్టుకుంటే కుడి భుజం పైకి లేవదు. పొట్టివాళ్లకీ, కూర్చుని సాధన చేసేవాళ్లకీ, వేళ్లతో మీటేవాళ్లకీ దీన్ని మించింది ఈ వరసలో లేదు.

ఎఫ్‌జీ800 కూడా సాలిడ్ స్ప్రూసే. ఎఫ్‌జీ గిటార్లు 1966 నుంచి వస్తున్నాయి. దీని తీగ పొడవు 650 మి.మీ., లోతు 100 నుంచి 118 మి.మీ. అదే తీగని అదే శ్రుతికి బిగిస్తే 634 కంటే 650 మీద బిగువు దాదాపు 5 శాతం ఎక్కువ. అంకెల్లో చిన్నదే, లేత వేళ్లకి తెలుస్తుంది. బదులుగా మంద్రం నిండుగా పలుకుతుంది. పాట పాడుతూ స్ట్రమ్మింగ్ చేయాలనుకునే పొడగరికి ఇదే నప్పుతుంది.

సీడీ-60ఎస్ కూడా డ్రెడ్‌నాటే, పై పలక సాలిడ్ స్ప్రూస్, పక్కలూ వెనకా మహోగని, తీగ పొడవు 643 మి.మీ. ఫింగర్‌బోర్డ్ (మెడ మీద వేళ్లతో నొక్కే పలక) అంచుల్ని గుండ్రంగా తీర్చారు, అరచేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. శబ్దం యమహాల కంటే కాస్త మెత్తన. నచ్చడం, నచ్చకపోవడం చెవిని బట్టి.

కొనేచోట ‘సాలిడ్ టాప్’ అని చెబితే నమ్మేయకుండా సౌండ్‌హోల్ (పై పలక మధ్య గుండ్రటి రంధ్రం) అంచు చూడండి. పైన కనబడే చెక్క గీతలు అంచు మందంలోకి కూడా దిగి కొనసాగితే సాలిడ్. అంచులో అడ్డంగా పొరలు కనిపిస్తే కాదు. సాలిడ్ కొంటే గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. వాయించనప్పుడు కేస్‌లో పెట్టడమే సులువైన మార్గం. తేమ పడిపోతే మెడ చెక్క కుంచించుకుని ఫ్రెట్ల కొనలు బయటికి పొడుచుకొస్తాయి. బొటనవేలు మెడ అంచున జార్చి చూస్తే గీరుకుంటుంది.

అదే మోడల్‌లో రెండు మూడు పీసులు తీయించి చూడటానికి మొహమాటపడొద్దు. ఒక్కో తీగ మీద 14వ ఫ్రెట్ దాకా ఒక్కొక్కటే నొక్కి మీటాలి. ఒక్క ఫ్రెట్ దగ్గరే బర్రుమంటే బ్రిడ్జ్ వైపున దాని పక్క ఫ్రెట్ లేచి ఉన్నట్టు. నొక్కకుండా మీటినప్పుడే బర్రుమంటే నట్ గాటు లోతైంది. మొదటి అయిదింటిలో వరసగా వస్తే మెడ మరీ తిన్నగా ఉంది, ట్రస్ రాడ్‌తో పోతుంది. తర్వాత 12వ ఫ్రెట్ మీద తీగని తాకీ తాకకుండా మీటి హార్మోనిక్ విని, అక్కడే నొక్కి మీటి, రెండూ ట్యూనర్‌లో ఒకే చోట ఆగుతున్నాయో లేదో చూడాలి. చివరగా బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం మూల దూర్చి చూడండి. దూరిందా, జిగురు వదులుతోంది.

తీగల విషయంలో కొద్దిమార్పు చాలా మేలు చేస్తుంది. మామూలుగా వచ్చే 12-53 సెట్ (అన్నిటికంటే సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) 70 కిలోల పైచిలుకు లాగుతుంది. తొలి ఆరు నెలలకి 10-47 ఎక్కించుకుంటే శబ్దం కాస్త తగ్గుతుంది, వేళ్లు మాత్రం ఊపిరి పీల్చుకుంటాయి. అంత సన్నం వద్దనుకుంటే 11-52. కొత్త తీగలు రెండు మూడు రోజులు సాగుతూ శ్రుతి దిగుతుంటాయి, అది తీగలు బిగించే కీల తప్పు కాదు.

నొప్పికి భయపడి నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ వైపు చూసేవాళ్లూ ఉంటారు. యమహా సీ40 ఆ కోవలో మంచిదే. తీగలు మెత్తన గానీ నట్ వెడల్పు 52 మి.మీ., పై నాలుగింటికీ 43 మి.మీ. చిన్న చేతికి ఆ వెడల్పు వేరే తంటా. దాని మీద స్టీలు తీగలు ఎక్కించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. ఆ బిగువుకి బ్రిడ్జ్ పెళ్లగిలి వస్తుంది.

గిటార్‌తోపాటు క్లిప్ ట్యూనర్, 0.6 లేదా 0.7 మి.మీ. పిక్‌లు నాలుగు, మెత్తటి పొరున్న సంచీ తీసుకోండి. కాపో (మెడకి బిగించి శ్రుతి పెంచే క్లిప్) తర్వాతైనా కొనొచ్చు. కాంబో ప్యాక్‌లో వచ్చే తీగలు, బెల్టు చూసి మోడల్ మార్చుకోవద్దు, ఆ డబ్బు సెటప్‌కి పెట్టండి.